చిత్తుగా ఓడుతున్న బేస్‌బాల్ జట్టు మీద పందెం: ఏ రకం నయం, ఏ రకం దండగ

2024 సీజన్‌లో షికాగో వైట్ సాక్స్ జట్టు 162 ఆటల్లో 41 గెలిచి 121 ఓడింది. 1901 తర్వాతి మేజర్ లీగ్ చరిత్రలో ఒకే సీజన్‌లో ఇన్ని ఓటములు మరే జట్టుకూ లేవు. అంతకుముందు 1962లో న్యూయార్క్ మెట్స్ మూటగట్టుకున్న 120 ఓటముల రికార్డు అరవై రెండేళ్లు చెక్కుచెదరకుండా నిలిచింది. వైట్ సాక్స్ దాన్ని దాటిన మరుసటి ఏడాదే కొలరాడో రాకీస్ 43 గెలిచి 119 ఓడి, దాదాపు అదే అంచు దాకా వెళ్లి వచ్చింది. అమెరికాలో ఉంటూ బేస్‌బాల్ చూడటం అలవాటు చేసుకున్న వారికి ఇలాంటి జట్టును చూసినప్పుడు సహజంగానే రెండు ఆలోచనలు వస్తాయి. ఇంత ఘోరంగా ఓడే జట్టుకు ఎదురుగా రోజూ పందెం కాస్తే డబ్బు రాదా అన్నది మొదటిది. పెద్ద రేటు ఇస్తున్నారు కదా, ఆ జట్టు మీదే కాస్తే ఎలా ఉంటుంది అన్నది రెండోది.

జట్టు నాసిగా ఉందన్న సంగతి మీకు తెలుసు. రేటు వేసే బెట్టింగ్ కంపెనీకి మీకంటే ముందే తెలుసు. కాబట్టి ఆ సంగతి ఒక్కటే తెలిసినంత మాత్రాన లాభం లేదు. ఆ జట్టు ఆటలో ఏ భాగంలో ఓడిపోతోంది, మీరు ఎంచుకునే పందెం ఆ భాగాన్ని పట్టుకుంటుందా, దానికి ఇస్తున్న రేటు సరిపోతుందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితేనే ఒక పందెం రకాన్ని మరో రకంతో పోల్చడానికి వీలవుతుంది. నా అభిప్రాయం మొదటే చెబుతున్నాను. ఇలాంటి జట్ల విషయంలో రోజువారీ గెలుపోటముల పందెం కంటే, తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో మొదటి ఐదు ఇన్నింగ్స్ పందెం, దానికంటే సీజన్ మొత్తం గెలుపుల సంఖ్య మీద వేసే పందెం ఎక్కువ అర్థవంతమైనవి. పార్లేలు (చాలా పందేలను ఒకటిగా కట్టి, అన్నీ గెలిస్తేనే డబ్బు వచ్చేవి), ఒక్కో బంతి మీద వేసే పందేలు పూర్తిగా వదిలేయవలసినవి.

ఇక్కడ చెప్పేదంతా చట్టం అనుమతించిన చోట ఉన్నవారికే వర్తిస్తుంది. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆ నిషేధాన్ని దేశమంతటికీ విస్తరించింది. అమెరికాలో 2018 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత నిర్ణయం రాష్ట్రాల చేతికి వచ్చింది. న్యూజెర్సీ, ఇల్లినాయ్, వర్జీనియా, మిషిగన్ లాంటి చోట్ల అనుమతి ఉంది. తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన టెక్సస్, కాలిఫోర్నియా, జార్జియాలలో రాష్ట్ర అనుమతి ఉన్న బెట్టింగ్ కంపెనీలు లేవు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆదివాసీ తెగల క్యాసినోలకు వెళ్లి కాయవలసిందే.

నేరుగా గెలుపోటముల మీద

అమెరికాలో మనీలైన్ అని పిలిచే ఈ పందెంలో ఎవరు గెలుస్తారన్నదొక్కటే లెక్క. అక్కడ +250 అని రాసేదాన్ని మనవాళ్లకు అలవాటైన పద్ధతిలో 3.50 అనవచ్చు, అంటే 100 డాలర్లు కాస్తే, గెలిచినప్పుడు అసలుతో కలిపి 350 చేతికి వస్తాయి.

2024లో ఆటకు 100 డాలర్ల చొప్పున 162 ఆటల్లోనూ వైట్ సాక్స్ మీదే కాసిన మనిషి ఒకరున్నారనుకుందాం. సగటున 3.00 రేటు దొరికి ఉంటే 41 గెలుపుల మీద 8,200 డాలర్లు వచ్చి, 121 ఓటముల మీద 12,100 పోయి, నికరంగా 3,900 నష్టం మిగిలేది. సగటు రేటు 3.50 అయినా 1,850 నష్టమే. లాభం లేకపోయినా ఫరవాలేదు, నష్టం లేకుండా బయటపడితే చాలనుకున్నా సగటు రేటు 3.95 ఉండాలి. రోజూ 3.95 ఇచ్చే కంపెనీ ఉండదు. అంత రేటు కనిపించిన రోజున ఎదుటి జట్టు తన మేటి పిచర్‌ను (బంతి విసిరే ఆటగాడిని) దింపుతోందని అర్థం.

ఎదురుగా కాసినవారి లెక్క కూడా అనుకున్నంత తేలిక కాదు. ప్రత్యర్థి జట్ల మీద సగటున 1.40 దొరికితే సీజన్ మొత్తానికి 740 డాలర్లు లాభం, 1.30 అయితే 470 నష్టం. లాభనష్టాలకు మధ్య గీత 1.34 దగ్గర ఉంది. శతాబ్దానికి పైబడిన చరిత్రలో అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకు ఎదురుగా, ఒక్క ఆట కూడా వదలకుండా కాసినా, ఫలితం పదో వంతు రేటు తేడా మీద ఆధారపడి ఉందంటే, ఈ దారి ఎంత ఇరుకైనదో తెలుస్తుంది. ఆ రికార్డు వస్తుందని ఏప్రిల్‌లో ఎవరికీ తెలియదన్నది వేరే సంగతి.

దీనికితోడు కంపెనీ తన వాటా తీసుకుంటుంది. బలహీన జట్టుకు 3.30, ఎదుటి జట్టుకు 1.36 ఇచ్చారనుకోండి, ఆ రెండు రేట్లలో దాగి ఉన్న గెలుపు అవకాశాలను కూడితే 100కు బదులు దాదాపు 104 వస్తుంది. ఆ పైన ఉన్న నాలుగే వాళ్ల రాబడి. అందుకే ఒకే ఆటకు రెండు మూడు కంపెనీల రేట్లు చూడటం ఇక్కడ తప్పనిసరి. ఒకచోట 3.40, మరోచోట 3.60 ఉన్నప్పుడు ఎక్కువ రేటున్న చోట కాసే అలవాటు ఒక్కటే, 41 గెలుపులున్న సీజన్‌లో ఆటకు 100 చొప్పున కాసేవారికి 820 డాలర్ల తేడా తెస్తుంది. జట్టు గురించి మీరు చదివే వార్తలన్నీ కలిపి అంత తేడా తెస్తాయని నేను అనుకోను.

మనీలైన్‌లో బలహీన జట్టు వైపు కాయడానికి నాకు సమంజసంగా కనిపించేది ఒకే సందర్భం. ఎదుటి జట్టుకు ఆ ఆటతో పని లేనప్పుడు, అదే సమయంలో జనమంతా ఓటమి కోసమే ఎదురు చూస్తున్నప్పుడు రేటు కాస్త అతిగా పెరిగే అవకాశం ఉంటుంది. 2024 సెప్టెంబరు చివరి వారం దీనికి మంచి ఉదాహరణ. 22న 120వ ఓటమితో మెట్స్ రికార్డును సమం చేసిన వైట్ సాక్స్, సొంత మైదానంలో ఏంజెల్స్‌ను వరుసగా మూడు ఆటల్లో ఓడించింది. 27న డెట్రాయిట్‌లో 121వ ఓటమి వచ్చింది. అదే రాత్రి ఆ గెలుపుతో డెట్రాయిట్ జట్టు టైగర్స్‌కు ప్లేఆఫ్స్‌లో చోటు ఖాయమైంది. మిగిలిన రెండు ఆటల్లో అదే టైగర్స్ వైట్ సాక్స్ చేతిలో ఓడింది. సీజన్ అంతా వైట్ సాక్స్‌కు ఎదురుగా కాస్తూ వచ్చినవారు చివరి ఆరు ఆటల్లో ఐదు పోగొట్టుకున్నారన్నమాట. ఆరు ఆటలు దేనినీ రుజువు చేయవు. అయినా ప్లేఆఫ్స్ బెర్తు ఖాయమైన జట్టు మర్నాడు ఎవరెవరిని ఆడిస్తుందో చూడకుండా దాని మీద 1.35కు డబ్బు పెట్టడం మాత్రం తొందరపాటు.

కోచ్ మారినప్పుడు జట్టు పుంజుకుంటుందన్న నమ్మకంతో కాసేవారూ ఉంటారు. బేస్‌బాల్‌లో మేనేజర్ అనే ఆ పదవిలో 2024 ఆగస్టు దాకా పెడ్రో గ్రిఫోల్ ఉన్నారు. ఆయన కింద వైట్ సాక్స్ 28 గెలిచి 89 ఓడింది. ఆ తర్వాత గ్రేడీ సైజ్‌మోర్ కింద 13 గెలిచి 32 ఓడింది. నూటికి 24 గెలుపులు కాస్తా 29 అయ్యాయి. రాకీస్‌లో 2025 మే నెలలో 7 గెలుపులు, 33 ఓటముల దగ్గర బడ్ బ్లాక్‌ను తొలగించి వారెన్ షేఫర్‌ను పెట్టారు. మిగిలిన 122 ఆటల్లో ఆ జట్టు 36 గెలిచింది, అంటే నూటికి 30 లోపే. మరీ అడుగున ఉన్న జట్టు కాస్త పైకి రావడం మేనేజర్ మారకపోయినా జరిగేదే. ఆ కారణంగా డబ్బు పెట్టవలసిన అవసరం నాకు కనిపించదు.

రన్‌లైన్

రన్‌లైన్‌లో బలహీన జట్టుకు ఒకటిన్నర పరుగులు ముందే ఇస్తారు. అది గెలిచినా, ఒక్క పరుగు తేడాతో ఓడినా పందెం మీదే. మనీలైన్ రేటు 3.50 దగ్గర ఉన్న ఆటలో ఈ పందెం సుమారుగా 2.00 నుంచి 2.25 మధ్య దొరుకుతుంది. మేజర్ లీగ్ ఆటల్లో పావు వంతుకు కాస్త పైగా ఒక్క పరుగు తేడాతో ముగుస్తాయి కాబట్టి, వరుసగా ఓడుతున్న జట్టును సమర్థించేవారికి ఇది సాంత్వన కలిగించే పందెం. సాంత్వనకు ధర ఉంటుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని అంశం ఆట ఎక్కడ జరుగుతోందన్నది. బేస్‌బాల్‌లో ఆతిథ్య జట్టు ఎప్పుడూ రెండోసారే బ్యాటింగ్ చేస్తుంది. తొమ్మిదో ఇన్నింగ్స్ తొలి సగం ముగిసేసరికి అది ముందంజలో ఉంటే ఇక బ్యాట్ పట్టదు. వెనకబడి ఉండి చివర్లో గెలుపు పరుగు తీస్తే, క్రికెట్‌లో లక్ష్యాన్ని ఛేదించిన మరుక్షణం మ్యాచ్ ఆగిపోయినట్టే అక్కడికక్కడ ఆట ముగుస్తుంది. అంటే బలమైన జట్టు సొంత మైదానంలో ఆడుతున్నప్పుడు దానికి తేడా పెంచుకునే అవకాశం ఒక ఇన్నింగ్స్ మేర తగ్గుతుంది. అదే జట్టు పర్యటనలో ఉంటే తొమ్మిది ఇన్నింగ్స్‌లూ బ్యాటింగ్ చేస్తుంది. కాబట్టి బలహీన జట్టుకు ఒకటిన్నర పరుగులు తీసుకునేవారు ఆ జట్టు బయట ఆడుతున్న రోజులను, దానికి ఎదురుగా ఒకటిన్నర ఇచ్చి కాసేవారు అది సొంత మైదానంలో ఆడుతున్న రోజులను ఎంచుకోవడం మేలు. రేట్లు వేసేవారికి ఈ సంగతి తెలియక కాదు. అయినా దాదాపు ఒకే రేటున్న రెండు ఆటల మధ్య ఎటూ తేల్చుకోలేనప్పుడు ఇది పనికొస్తుంది. 2020 నుంచి అదనపు ఇన్నింగ్స్‌లను రెండో బేస్ మీద, అంటే పరుగుకు సగం దారిలో, ఒక రన్నర్‌తో మొదలుపెడుతున్నారు. పర్యటనలో ఉన్న జట్టు అక్కడ రెండు మూడు పరుగులు చేసే వీలు పెరగడంతో ఈ తేడా ఇంకాస్త పెరిగింది.

మొదటి ఐదు ఇన్నింగ్స్

ఒక చెడ్డ జట్టులో అన్నీ సమానంగా చెడ్డగా ఉండవు. ఈ పందెం విలువంతా ఆ ఒక్క వాస్తవం మీద నిలిచి ఉంది. ఐదు ఇన్నింగ్స్ ముగిసేసరికి ఎవరు ముందున్నారన్నదే ఇందులో లెక్క. ఆట మొదలుపెట్టిన పిచర్ తర్వాత అతని బదులు వచ్చే బుల్‌పెన్ పిచర్లు ఏం చేసినా మనకు సంబంధం ఉండదు.

2024 వైట్ సాక్స్‌లో గ్యారెట్ క్రోషే అనే ఎడమచేతి పిచర్ ఉన్నాడు. అతను 146 ఇన్నింగ్స్‌లో 209 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని కొట్టనివ్వకుండానే ఔట్ చేశాడు. లీగ్‌లోని ఏ మంచి జట్టయినా అలాంటివాడిని కోరుకుంటుంది. ఆ ఏడాది చివర్లో బోస్టన్ రెడ్ సాక్స్ అతన్ని తీసుకుంది కూడా. అయినా అతని పేరిట మిగిలింది 6 గెలుపులు, 12 ఓటములు. అతను బాగా బంతులు వేసినా బ్యాటింగ్ పరుగులు తీయలేదు, తర్వాత వచ్చిన బుల్‌పెన్ నిలబడలేదు. అలాంటి రోజున పూర్తి ఆట మీద వైట్ సాక్స్‌ను కాయడమంటే క్రోషేతోపాటు ఆ బుల్‌పెన్‌ను కూడా కొనుక్కోవడం. ఐదు ఇన్నింగ్స్ పందెంలో ఆ రెండో బరువు ఉండదు. అయితే సీజన్ రెండో సగంలో అతని చేతికి శ్రమ తగ్గించడానికి నాలుగు ఇన్నింగ్స్ దాటకుండా దించేస్తూ వచ్చారు. అప్పుడు ఐదో ఇన్నింగ్స్ మళ్లీ బుల్‌పెన్ చేతికే పోయింది. పందెం వేసే ముందు ఆ పిచర్ ఈమధ్య ఎన్ని ఇన్నింగ్స్ వేస్తున్నాడో చూడటం అందుకే అవసరం.

రాకీస్ విషయానికి వస్తే ఇదే పందెం తిరగబడుతుంది. 2025లో ఆ జట్టు స్టార్టింగ్ పిచర్ల (ఆట మొదలుపెట్టేవారి) ఈఆర్‌ఏ, అంటే పిచర్ ఖాతాలో తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున పడే పరుగులు, 6.65. ఆ లెక్కను అధికారికంగా నమోదు చేయడం మొదలైన 1913 నుంచి ఏ జట్టు స్టార్టర్లూ అంత ఘోరంగా వేయలేదు. వాళ్ల ఆటలు మొదట్లోనే చేజారిపోయాయి. అలాంటి జట్టు మీద ఐదు ఇన్నింగ్స్ పందెం వేయడమంటే దాని అత్యంత బలహీనమైన భాగాన్ని ఏరి కోరి తీసుకోవడం. దానికి ఎదురుగా కాయదలచినవారికి మాత్రం పూర్తి ఆట కంటే ఇదే తగిన పందెం. పట్టికలో 41 గెలుపులకూ 43 గెలుపులకూ పెద్ద తేడా కనిపించదు; పందెం ఎంచుకునేటప్పుడు మాత్రం అవి రెండు వేర్వేరు జట్లు.

ఒక చిన్న జాగ్రత్త. ఐదు ఇన్నింగ్స్ తర్వాత స్కోరు సమంగా ఉంటే డబ్బు తిరిగి ఇచ్చే రకం, సమంగా ఉంటే ఓడిపోయే రకం అని ఇందులో రెండు ఉన్నాయి. రెండోదానికి రేటు ఎక్కువ కనబడుతుంది కాబట్టి చూసుకోకుండా దాన్నే నొక్కేస్తుంటారు. తక్కువ పరుగులు చేసే జట్టు విషయంలో డబ్బు తిరిగి వచ్చే రకాన్నే తీసుకోవాలని నా సలహా. అలాగే ప్రకటించిన పిచర్ మారితే పందెం రద్దవుతుందో లేదో నిబంధనల్లో చూసుకోవాలి. ఈ పందెంలో పిచరే సర్వస్వం.

పరుగుల మొత్తం

రెండు జట్లు కలిపి చేసే పరుగులు కంపెనీ గీసిన గీత కంటే ఎక్కువా తక్కువా అన్నది ఈ పందెం. వైట్ సాక్స్ 2024లో 507 పరుగులు చేసి 813 ఇచ్చింది. ఆటకు సగటున చేసినవి 3.13, ఇచ్చినవి 5.02. ఒకవైపు చాలా తక్కువ, మరోవైపు ఎక్కువ, కలిపితే 8.15, అది మామూలు ఆటల గీతకు దగ్గరగానే ఉంది. అంటే జట్టు ఎంత చెడ్డదైనా ఈ పందెంలో ఆ చెడ్డతనం రద్దయిపోతుంది. ఆ ఒక్క జట్టు పరుగుల మీద విడిగా వేసే పందెంలోనైతే రద్దు కాదు. అలాంటి జట్టుకు 3.5 గీత గీసి, తక్కువ వైపుకు 1.91 ఇస్తున్నారనుకోండి, అప్పుడు నూటికి 53 సార్లు గెలిస్తే గిట్టుబాటు అవుతుంది.

రాకీస్ సొంత మైదానం కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి సుమారు 1,580 మీటర్ల ఎత్తున ఉంది. పలుచటి గాలిలో కొట్టిన బంతి దూరం పోతుంది, వంపు తిరగవలసిన బంతి తిరగదు. 2002 నుంచి బంతులను తేమ గదిలో ఉంచి వాడుతున్నా లీగ్‌లో అన్నిటికంటే ఎక్కువ పరుగులు వచ్చే మైదానం అదే. ఈ సంగతి అందరికీ తెలుసు కాబట్టి అక్కడి గీత ముందే పైకి జరిగి ఉంటుంది. రాకీస్ ఆటలనగానే ఎక్కువ వైపు కాయడం అలవాటుగా మారినవారు, అదే బ్యాటర్లు సముద్రతీరపు మైదానాలకు వెళ్లినప్పుడు ఎంత చిన్నబోతారో కూడా చూడాలి.

సీజన్ గెలుపుల సంఖ్య

సీజన్ మొదలవకముందే జట్టు ఎన్ని ఆటలు గెలుస్తుందో ఒక సంఖ్య ప్రకటించి, ఎక్కువ, తక్కువ వైపులకు రేట్లు ఇస్తారు. ఒక్క ఆటలో అదృష్టం శాసిస్తుంది. 162 ఆటల్లో దాని ప్రభావం చాలావరకు తగ్గిపోయి, మీ అంచనాకు కొంత విలువ దక్కుతుంది. ఇంత దీర్ఘమైన సీజన్ ఉన్న ఆటకు ఈ పందెమే సరైన జత అని నా నమ్మకం. ఇబ్బంది ఏమిటంటే మీ డబ్బు ఆరు నెలలు అక్కడే ఇరుక్కుపోతుంది, పెద్ద మొత్తాలు తీసుకోరు, ఇంకా చాలా కంపెనీలు జట్టు కనీసం 160 ఆటలు ఆడితేనే పందెం చెల్లుతుందంటాయి.

ఘోరంగా ఓడిన జట్టు మరుసటి ఏడాది ఏం చేస్తుందో చరిత్ర కొంత చెబుతుంది. 2003లో 43 ఆటలే గెలిచిన డెట్రాయిట్ టైగర్స్ 2004లో 72 గెలిచింది. 2013లో 51 గెలిచిన హ్యూస్టన్ ఆస్ట్రోస్ తర్వాతి ఏడాది 70కి చేరింది. 2021లో 52 గెలిచిన బాల్టిమోర్ ఓరియోల్స్ 83కు చేరింది. 2023లో 56 గెలిచిన కాన్సస్ సిటీ రాయల్స్ ఏకంగా 86 గెలుపులతో ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. వైట్ సాక్స్ కూడా 41 నుంచి 2025లో 60కి పెరిగింది. ఆ సీజన్‌కు ముందు దానికి గీసిన గీత 54 దరిదాపుల్లో ఉండేది. ఇంత చూశాక, అడుగున ఉన్న జట్టుకు మరుసటి ఏడాది ఎక్కువ వైపు కళ్లు మూసుకుని కాయవచ్చనిపిస్తుంది.

అక్కడే ఆగి మరో వరుస చూడాలి. 2012లో 55 గెలిచిన ఆస్ట్రోస్ 2013లో ఇంకా దిగజారి 51 దగ్గర ఆగింది. 2022లో 60 గెలిచిన ఓక్లండ్ అథ్లెటిక్స్ మరుసటి ఏడాది 50కి పడింది. 2024లో 61 గెలిచిన రాకీస్ 2025లో 43కు, 2023లో 61 గెలిచిన వైట్ సాక్స్ 2024లో 41కి పడ్డాయి. అంటే 60 దగ్గర ఉన్న జట్టు నేల తాకిందని అనుకోవడానికి లేదు. కిందకు ఇంకా చోటుంది. తిరిగి లేచిన జట్లలో ఎక్కువ భాగం అమ్మవలసిన ఆటగాళ్లను అప్పటికే అమ్మేసి, వాళ్ల బదులు వచ్చిన కుర్రాళ్లను ఆడించడం మొదలుపెట్టినవి. 2024 వైట్ సాక్స్ అప్పటికి ఆ అమ్మకం మధ్యలోనే ఉంది. సీజన్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు మార్చిలో డిలన్ సీజ్‌ను శాన్ డియేగోకు ఇచ్చేశారు. జులై చివర్లో ఎరిక్ ఫెడీ, మైకేల్ కోపెక్, టామీ ఫామ్, ఎలోయ్ హిమెనెజ్ వెళ్లిపోయారు. అదే సమయంలో, జులై 10 నుంచి ఆగస్టు 5 దాకా, జట్టు వరుసగా 21 ఆటలు ఓడింది. మార్చిలో తక్కువ వైపు కాసినవారికి జులై అమ్మకాలు ముందే కనిపించి ఉండాలి. జీతం ఒప్పందాలు ముగింపుకు వచ్చిన మంచి ఆటగాళ్లు ఎవరున్నారో చూస్తే అది పెద్ద రహస్యమేమీ కాదు.

రెండో పరీక్ష పరుగుల తేడా. చేసిన పరుగులను, ఇచ్చిన పరుగులను బట్టి ఒక జట్టు ఎన్ని ఆటలు గెలవవలసిందో లెక్కగట్టే సూత్రం ఉంది. చేసిన పరుగులను 1.83 ఘాతానికి పెంచి, అలాగే పెంచిన రెండు సంఖ్యల మొత్తంతో భాగిస్తే గెలుపు శాతం వస్తుంది. ఆ లెక్కన 2024 వైట్ సాక్స్ 48 గెలవవలసింది, గెలిచింది 41. 2025 రాకీస్ 597 చేసి 1,021 ఇచ్చింది. ఆధునిక చరిత్రలో మైనస్ 424 అన్న ఆ తేడా అన్నిటికంటే ఘోరమైనది. సూత్రం ప్రకారం దానికి దక్కవలసినవి 44, దక్కినవి 43. వైట్ సాక్స్ ఓటముల్లో ఏడింటి దాకా దురదృష్టం ఖాతాలో వేయవచ్చు, కాబట్టి అవి తర్వాతి ఏడాది వాటంతటవే తిరిగి రాగలవు. రాకీస్‌కు దురదృష్టమనే సాకు లేదు. ఆ జట్టు తన సత్తాకు తగినన్నే గెలిచింది. గెలుపుల సంఖ్య చూస్తే రాకీస్‌దే మెరుగు, అయినా మరుసటి ఏడాది ఎక్కువ వైపు కాయమంటే నేను వైట్ సాక్స్‌నే ఎంచుకునేవాడిని. అలాంటి జట్టు డివిజన్ (లీగ్‌లో తన చిన్న విభాగం) గెలుస్తుందనో, లీగ్ ఫైనలైన వరల్డ్ సిరీస్ గెలుస్తుందనో 200కు 1 రేటుకు కాయడం మాత్రం అభిమానం కిందికే వస్తుంది, అంచనా కిందికి రాదు. అలాంటి పందేల్లో కంపెనీ వాటా కూడా మామూలు పందేల కంటే ఎన్నో రెట్లు ఉంటుంది.

వదిలేయవలసినవి

నాలుగైదు ఆటల్లో ఫేవరెట్లను కలిపి పార్లే కట్టి, అందులో ఒకటిగా చెడ్డ జట్టుకు ఎదురుగా కాసే అలవాటు చాలామందికి ఉంది. 1.35 రేటున్న పందెం చూడటానికి ఖాయమనిపిస్తుంది కాబట్టి మిగతావాటికి తోడుగా పడేస్తారు. ఒక్కో పందెంలో నూటికి నాలుగు చొప్పున ఉన్న కంపెనీ వాటా ఇక్కడ ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. రోజుకొకటి కట్టేవారికి ఏ సీజన్ చివరా ఇది కలిసి రావడం కష్టం.

తర్వాతి బంతి స్ట్రైకా (పిచర్‌కు లాభించేది) బాలా (గురి తప్పినది), దాని వేగం ఎంత అన్న పందేల్లో ఫలితం ఒక్క పిచర్ చేతిలో ఉంటుంది. 2025 నవంబరులో క్లీవ్‌ల్యాండ్ జట్టుకు చెందిన ఇద్దరు పిచర్ల మీద, పందెగాళ్ల కోసం ముందే అనుకుని బంతులు వేశారన్న ఆరోపణతో ఫెడరల్ కేసు దాఖలైంది. ఆ వెంటనే లీగ్, బెట్టింగ్ కంపెనీలు కలిసి ఇలాంటి పందేలకు 200 డాలర్ల పరిమితి పెట్టి, పార్లేల్లో చేర్చడం ఆపేశాయి. 1919లో వరల్డ్ సిరీస్ ఓడిపోవడానికి డబ్బు తీసుకున్నారన్న మచ్చ అంటుకున్నది ఈ వైట్ సాక్స్ క్లబ్బుకే కావడం యాదృచ్ఛికం. కంపెనీలే పరిమితి పెట్టుకున్న పందెంలో బయటివాడికి ఏమీ మిగలదు.

ఎవరు దేనిని ఎంచుకోవాలి

రోజూ ఆటలు చూసే తీరిక లేనివారికి, మార్చిలో ఒక్కసారి ఆలోచించి వేసే సీజన్ గెలుపుల పందెం సరిపోతుంది. ఆ జట్టు పిచర్లను పేరుపేరునా ఎరిగి, వారానికి ఒకటి రెండు ఆటలే ఎంచుకునే ఓపిక ఉన్నవారికి మొదటి ఐదు ఇన్నింగ్స్ పందెం తగినది. జట్టు మీద అభిమానంతో మైదానానికి వెళ్లేవారు, టికెట్టు ఖర్చులా తిరిగి రాదనుకున్న చిన్న మొత్తాన్ని రన్‌లైన్ మీద పెట్టుకోవచ్చు; అది పెట్టుబడి అని తమను తాము నమ్మించుకోకుంటే చాలు. పోయిన డబ్బును రాబట్టుకోవడానికి మర్నాడు రెట్టింపు కాసే స్వభావం ఉన్నవారు మాత్రం 21 ఆటలు వరుసగా ఓడే జట్టు జోలికి ఏ రకంగానూ పోకూడదు. అమెరికాలో సాయం కోరేవారి కోసం 1-800-426-2537 నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది.

ఏ రకం ఎంచుకున్నా పన్ను లెక్క చూసుకోవాలి. ఇల్లినాయ్‌లో 2025 జులై నుంచి ఒక్కో పందెం మీద రాష్ట్రం కంపెనీల దగ్గర పన్ను వసూలు చేస్తోంది. కొన్ని కంపెనీలు ఆ భారాన్ని 50 సెంట్ల రుసుముగా ఖాతాదారుల మీదికి నెట్టాయి. ఐదు డాలర్ల పందేలు వేసేవారికి అది పదో వంతు, ఇంతవరకూ చెప్పిన ఏ రకం పందెంలోనూ అంత లాభం రాదు. ఫెడరల్ పన్ను విషయంలో, 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 నుంచి పందేల నష్టాల్లో 90 శాతాన్ని మాత్రమే గెలుపుల నుంచి మినహాయించుకోవచ్చు, అదీ ఖర్చులను విడివిడిగా చూపించే పద్ధతిలో రిటర్న్ దాఖలు చేసేవారికే. ఏడాదిలో 10,000 డాలర్లు గెలిచి 10,000 పోగొట్టుకున్నవారి చేతిలో ఒక్క డాలరు కూడా మిగలదు. పన్ను మాత్రం 1,000 డాలర్ల మీద కట్టవలసి వస్తుంది. 162 ఆటల మీద రోజూ కాసేవారికి గెలుపుల మొత్తం, నష్టాల మొత్తం రెండూ పెద్దవై ఈ భారం పెరుగుతుంది. సీజన్‌కు ఒకటి రెండు పందేలతో సరిపెట్టుకునేవారికి దాదాపు తగలదు.